రాళ్ళలో పళ్ళు ఏరిన అక్క

పోయిన మంగళవారం పొద్దున, కువైట్‌లో, హవల్లీలో మా సందు చివరి బకాలా కొట్లో కొత్తిమీర కట్ట వాసన చూస్తుండగా ఫోన్ మోగింది. రాయచోటి నుంచి, అక్క చెల్లెలి కూతురు. ఆ పిల్ల ఎప్పుడు చేసినా ముందు నా మోకాళ్ళ క్షేమం అడుగుతుంది. ఈసారి అడగలేదు. "టీచరమ్మా, పెద్దమ్మ పోయినాది. తెల్లారి కాఫీ ఇద్దామని లేపితే లేయలా" అంది.

"ఎన్నింటికి?" అన్నాను నేను. ఎందుకడిగానో నాకే తెలియదు. వేళ తెలుసుకుని చేసేదేముంది? కొత్తిమీర కట్ట చేత్తో పట్టుకుని అలాగే బయటికి నడిచాను. కొట్టాయన వెనక్కి పిలవలేదు. ఏళ్ళ తరబడి నా నోరు ఎరిగినవాడు. అది మూసుకుని ఉండడం చూసి భయపడి ఉంటాడు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మాది గుంటూరు వైపు, ఆవిడది రాయచోటి దగ్గర పల్లె. చుట్టరికం లేదు, కులం కలవదు, మాట యాస అంతకన్నా కలవదు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది కాబట్టి అక్క అన్నాను. నేను ఒకప్పుడు స్కూల్లో జువాలజీ చెప్పానని తెలిసి ఆవిడ నన్ను టీచరమ్మా అంది. నాకు పాఠం చెప్పింది ఆవిడ, టీచరమ్మ అనిపించుకున్నది నేను.

ఊరికి వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళయినా ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏం టీచరమ్మా, ఈ వారం ఎవురెవురిని తిట్నావు?" నేను జాబితా చదివేదాన్ని. అల్లుడు, లిఫ్టు బాగుచేయని మా బిల్డింగు కాపలా హారిస్, టీవీలో వార్తలు చదివే అమ్మాయి. "ముగ్గురేనా? ఒంట్లో బాగలేదా ఏంది?" అనేది.

ఆవిడ ఇక్కడ చేసిన పని ఏమిటో చెబితే మీలో సగం మంది నమ్మరు. మిగిలిన సగం నన్ను జాలిగా చూస్తారు. ఇరవై అయిదు కోట్ల ఏళ్ళ కిందట చచ్చిపోయిన చిన్న ప్రాణుల పళ్ళు, రాళ్ళలోంచి ఏరేది.

వాటిని కోనోడాంట్లు అంటారు. వానపాము అంత ఉండే ఒక రకం సముద్రప్రాణులు. ఒంట్లో ఎముక లేదు, పైన చిప్ప లేదు. చచ్చాక ఒళ్ళంతా కరిగిపోగా, నోట్లో ఉండే పళ్ళు మాత్రం సముద్రం అడుగు బురదలో పడి, ఆ బురద రాయి అయినా చెక్కుచెదరక నిలిచాయి. ఒక్కో పన్ను ఆవగింజలో సగం ఉంటే గొప్ప. ఈ ప్రాణుల వంశం పూర్తిగా అంతరించిపోయింది. అయితే ఒక్కో కాలంలో ఒక్కో ప్రజాతి బతికింది కనక, రాతి పొరలో ఏ పళ్ళు ఉన్నాయో చూస్తే ఆ పొర ఎప్పటిదో చెప్పొచ్చు. చెత్తబుట్టలో మామిడి టెంకలుంటే వేసవి అనీ, రేగి గింజలుంటే చలికాలం అనీ చెప్పమూ? అంతే. చమురు తవ్వేవాళ్ళు మైళ్ళ లోతు నుంచి తీసిన రాతి కడ్డీలను ముక్కలు చేసి, సంచుల్లో కట్టి, వయసు చెప్పమని మా ల్యాబ్‌కి పంపేవారు.

ల్యాబ్ షువైఖ్ గోడౌన్ల మధ్య ఉండేది. నడిపేది ఈజిప్టు నుంచి వచ్చిన ఒక డాక్టర్. మందులిచ్చే డాక్టర్ కాదు, రాళ్ళ డాక్టర్. సున్నపురాయిని వెనిగర్‌లో ఉండే ఆమ్లంలోనే రోజుల తరబడి నానబెడితే రాయి కరిగిపోయి పళ్ళు మిగులుతాయి. ఆ మడ్డిని సన్నటి జల్లెడలో కడిగి, ఆరబెట్టి, నల్లటి పళ్ళెంలో చల్లి, మైక్రోస్కోపు కింద తడి కుంచెతో ఒక్కొక్క పన్నూ ఏరాలి. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఒకసారి, "మీరు పచ్చళ్ళ ఫ్యాక్టరీలో చేస్తారా?" అని అడిగింది. అవునన్నాను. నిజం చెబితే బస్సు దిగే దాకా వివరించాల్సొచ్చేది.

అక్క కువైట్ వచ్చింది ఇంటిపనికి. మొదటి ఇంట్లో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ముసలావిడ. ఆవిడ పోయాక వాళ్ళవాళ్ళే చెప్పి ఈ ల్యాబ్‌లో ఊడ్చే పనికి పెట్టించారు. ఒకరోజు డాక్టర్ పళ్ళెంలో మూడు పళ్ళు చూసుకుని మురుస్తూ, గుడ్డ పెట్టి నేల తుడుస్తున్న ఈవిడను పిలిచి తమాషాకి చూడమన్నాడట. ఈవిడ చూసి, "నాలుగుండాయి డాక్టర్" అందట. ఊడ్చే పని అక్కడితో ఆగిపోయింది. నేను చేరేనాటికి ఆవిడ ఆ ల్యాబ్‌లో పెద్ద ఏరుడుగత్తె.

పనికి కూర్చునే ముందు ముఖం కడుక్కునేది. గాజులు తీసి కొంగున ముడేసుకునేది, గలగలకి గింజలు ఎగురుతాయని. ముక్కుకి బట్ట కట్టుకునేది, ఎప్పుడో ఒకసారి ఆవిడ తుమ్ముకి ఒక పళ్ళెం పళ్ళన్నీ ఎగిరిపోయాయని. పేర్లు పలకలేదు గానీ, సీసా మీద చీటీలో పన్ను బొమ్మ గీసేది. డాక్టర్ రాసిన లాటిన్ పేరుకన్నా ఆ బొమ్మ చూస్తేనే మాకు తొందరగా తెలిసేది. రాయి భూమిలో ఎంత వేడికి ఉడికిందో పన్ను రంగును బట్టి చెబుతారు. దానికో రంగుల పట్టిక ఉంది. అక్కకి పట్టిక అక్కర్లేదు. "ఉల్లిగడ్డ దోరగా వేగినాది", "ఇది మాడిపోయినాది డాక్టర్, పొయ్యి మీద మర్చిపోయినారు" అనేది. ఒక్కసారీ తప్పలేదు.

నేను అక్కడికి సరదాకి వెళ్ళలేదు. నా భర్త గుండెపోటుతో పోయారు. ఆయన ఇఖామా, అదే ఇక్కడి నివాస అనుమతి, దాని మీదే నాదీ, మా అమ్మాయిదీ ఉండేవి. ఆయనతోపాటే మేమిద్దరం ఈ దేశంలో ఉండడానికి ఆధారమూ పోయింది. అమ్మాయి పన్నెండో తరగతి. పరీక్షలు ఏడు నెలల్లో. నడిమధ్యలో పిల్లని పీకి తీసుకుపోతే ఏడాది పోతుంది, ఇంకా ఏమేం పోతాయో. తెలిసినాయన ఒకరు డాక్టర్‌కి చెప్పారు. డాక్టర్ మూడు నెలలు పని చూస్తానన్నాడు. బాగుంటే నా ఇఖామా కాగితాల మీద సంతకం, లేకపోతే విమానం టిక్కెట్టు.

మొదటి రోజు అక్క నా ముందు మైక్రోస్కోపు పెట్టలేదు. చేటలో బియ్యం పోసి పెట్టింది. "రాళ్ళు ఏరు" అంది.

"నేను ఎమ్మెస్సీ జువాలజీ" అన్నాను.

"మంచిదే. ఎమ్మెస్సీ ఏరు" అంది.

రెండు రోజులు బియ్యం ఏరాను. మూడో రోజు అడిగింది, బియ్యం ఏరేటప్పుడు ఏం చూస్తావని. రాయిని, అన్నాను. "కాదు. రాయిని చూస్తే కండ్లు లాగుతాయి. మెరుపు చూడు. బియ్యం మెరుపు వేరే, రాయి మెరుపు వేరే. ఇదీ అంతే. పన్ను మెరుపు బెల్లం పాకం మాదిరి ఉంటాది. దాన్ని నువ్వు వెతకొద్దు, గమ్మునుంటే అదే పిలుస్తాది." నేను కాలేజీలో అయిదేళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నదాన్ని. నాకు చూడడం వచ్చింది ఆ రోజునే.

ఆ ఏడాది మాకు వచ్చిన కడ్డీల్లో వెతకాల్సింది హిండియోడస్ అనే ప్రజాతి. అందులో ఒక చిన్న రకం ఉంది. పెద్ద కోర ఒకటి, దాని వెనక వరసగా చిన్న పళ్ళు, విరిగిన దువ్వెన ముక్కలా. భూమ్మీద ప్రాణుల్లో చాలాభాగం తుడిచిపెట్టుకుపోయిన ఒక మహావినాశం ఉంది కదా, డైనోసార్లకి ముందు. ఆ వినాశం వెనకే ఈ చిన్నది కనిపిస్తుంది. రాళ్ళలో కింది నుంచి పైకి వస్తూ ఇది మొట్టమొదట ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీసి, ఇక్కణ్ణుంచి కొత్త యుగం అంటారు. ప్రపంచంలో ఎక్కడైనా అదే గీత.

ఇదంతా అక్కకి చెప్పాను. కుంచె మొనని నాలిక్కి తాకించి, ఉప్పు చూసినట్టు చప్పరించి, "అందురూ పోయినాక వచ్చినాదా ఇది? వచ్చి శానా దినాలు ఉండిందా?" అంది.

"లేదక్కా. కొద్దికాలమే. తరవాత అదీ పోయింది."

"అయితే ఇదీ మన మాదిరి కాంట్రాక్టు వీసా మీద వచ్చినట్టే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "దీనికి ఒళ్ళంతా పోయి పండ్లు మిగిలినాయి. నీకు నోరు మిగుల్తాది టీచరమ్మా, సూస్తాండు" అంది.

ఇక నా తప్పు సంగతి.

రాతి సంచులకి కింది నుంచి పైకి నంబర్లు. ఎనిమిదో సంచిలో ఆ చిన్న హిండియోడస్ బోలెడు దొరికింది. ఏడో సంచి రాయి మొండిది, ఆమ్లంలో ఇంకా కరగలేదు. ఆరో సంచి జల్లించాల్సింది నేను. ఒక సంచికీ ఇంకో సంచికీ మధ్య జల్లెడ కడిగే పద్ధతి ఒకటుంది. నీళ్ళతో కడగాలి, తర్వాత నీలిరంగు మందులో ముంచాలి, మళ్ళీ కడగాలి. పాత సంచి గింజ ఒకటి జల్లెడ కన్నంలో ఇరుక్కుని ఉంటే దానికి నీలం అంటుకుంటుంది. తర్వాత సంచిలో నీలం పన్ను కనిపించిందా, అది పరాయిది అని తెలిసిపోతుంది. ఆ మందు జల్లెడతో పాటు చేతికీ అంటుకునేది. మా అందరి గోళ్ళూ వారంలో అయిదు రోజులు నీలంగానే ఉండేవి.

ఆ రోజు అమ్మాయి స్కూల్లో రమ్మన్నారు. తొందరలో ఉన్నాను. ఎనిమిదో సంచి అయిపోయాక జల్లెడని పిండి జల్లెడ దులిపినట్టు అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి, కుళాయి కింద పట్టి, ఆరో సంచి పోసేశాను. ఇన్నేళ్ళుగా వంటింట్లో చేస్తున్నదే కదా. నీలిమందు ముట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత ఆరో సంచి మడ్డిలో చిన్న హిండియోడస్ పన్ను ఒకటి కనిపించింది. ఒక్కటే. నాకు దొరికిన మొదటిది. డాక్టర్ పొంగిపోయాడు. గీత ఎనిమిది నుంచి ఆరుకి దిగింది. చమురు కంపెనీకి అప్పటికప్పుడు ఫోన్ చేసి చెప్పాడు. నా భుజం తట్టి, కాగితాలు తెప్పిస్తానన్నాడు. ఆ సాయంత్రం అమ్మాయికి చికెన్ షవర్మా కొనుక్కెళ్ళాను.

పన్ను మీద నీలం లేదు. ఉండదు. మందులో ముంచితే కదా. అది ఆరో సంచిదో, ఎనిమిదో సంచి నుంచి జల్లెడలో ఇరుక్కుని వచ్చిందో చెప్పే దారే నేను మూసేశాను. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనట్టు మూడు రోజులు కాఫీ తాగాను.

నాలుగో రోజు అక్క నన్ను జల్లెళ్ళ తొట్టి దగ్గరికి పిలిచింది. "టీచరమ్మా, ఆరో సంచి జల్లించిన దినం నీ గోర్లు తెల్లంగా ఉండాయి" అంది.

భయమేస్తే నా నోరు ముందు పరిగెత్తుతుంది. "బాత్రూములు కడిగే చేతులతో నాకు సైన్సు చెప్పొద్దు" అన్నాను.

ఇరవై ఏళ్ళయింది ఆ మాట అని. ఇప్పుడు ఇక్కడ రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. కానీ రాయకపోతే ఆవిడ ఏమందో మీకు చెప్పలేను.

ఆవిడకి కోపం రాలేదు. "కడిగిన చేతులే. అందుకే చెప్తాండా. కడగడం నాకు తెలుసు" అంది. ఆగి, "నేను డాక్టర్‌కి చెప్పను. నువ్వే చెప్పు. నువ్వు చెప్తే తప్పు, నేను చెప్తే చాడీ" అంది.

"చెబితే నా కాగితాలు పోతాయక్కా. పిల్ల పరీక్షలు."

"తెలుసు. చెప్పకుంటే?"

చెప్పకపోతే ఏమవుతుందో నాకూ తెలుసు. ఆ గీతను నమ్ముకుని ఎవరో ఎక్కడో ఇంకో బావి తవ్వుతారు. నేను జల్లెడ చూసిన ప్రతిసారీ కళ్ళు దించుకుంటాను. మర్నాడు డాక్టర్ గదికి వెళ్ళి చెప్పేశాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను కంపెనీకి చెప్పేశాను కదా" అన్నాడు. అరిస్తే బాగుండేది, తిరిగి అరవడం నాకు వచ్చు. ఆయన అరవలేదు. నా ఇఖామా కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. వాటిని బోర్లా తిప్పి పెట్టాడు. "ఈ నెలాఖరుకి ఖలాస్. వేరే చోటు చూసుకోండి" అన్నాడు.

తలుపు తట్టకుండా అక్క లోపలికొచ్చింది. చేతులు తడి. తనకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి ఆయనతో అంది. "డాక్టర్, అనా కఫీల్."

నేనే ఈమెకి కఫీల్‌ని, అని. ఈ దేశంలో మన కాగితాలకి పూచీపడే యజమానిని కఫీల్ అంటారని మీకు తెలుసు. అక్కకే ఒక కఫీల్ ఉన్నాడు, ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. డాక్టర్ నవ్వేశాడు.

"నవ్వు డాక్టర్, మాఫీ ముష్కిల్, ఏం కాదు. నవ్వినాక ఇను. ఆరో సంచి రాయి ఇంకా సగం ఉండాది. ఏడో సంచి కరిగినాది. ఇద్దరం కలిసి మళ్ళా చేస్తాం. జల్లెడ నేను కడుగుతా. ఈమె మళ్ళా తప్పు చేస్తే ఇద్దరినీ పంపించు."

ఊళ్ళో మంచం పట్టిన తల్లి ఉంది ఆవిడకి, చెల్లెలి కుటుంబం ఉంది. ఆ ఉద్యోగం పోతే అందరి అన్నమూ పోతుంది. అయినా అంది. డాక్టర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "రెండు వారాలు. నేను నిలబడి చెప్పగలిగిన గీత ఒకటి ఇవ్వండి. అప్పుడు ఈ కాగితం సంగతి చూద్దాం. ఎవరు ఏది ఏరారో రిజిస్టరులో పేరు రాయండి" అన్నాడు.

ఆ రెండు వారాలూ నాకు కాలేజీ చదువంతటికన్నా ఎక్కువ. అక్క జల్లెడని వెలుతురుకి పట్టి, ఒక్కో కన్నం లోంచి ఆకాశం చూసేది. బ్రష్షు పెట్టే తీరు, నీళ్ళు పోసే కోణం, అన్నీ నా చేత మళ్ళీ మళ్ళీ చేయించింది. నేను విసుక్కుంటే, "కండ్లు కడుక్కోని రాపో" అనేది. సెలవైనా శుక్రవారం తానుండే రిగ్గై నుంచి బస్సెక్కి వచ్చేది, డబ్బాలో సంగటీ చెనిక్కాయల ఊరుబిండి పచ్చడీ పెట్టుకుని. నేను తెచ్చిన ఇడ్లీని వేలితో నొక్కి చూసి, "ఇది తిని నువ్వు ఇంత మాట్లాడతాండావా!" అని ఆశ్చర్యపోయేది. నేనన్న ఆ మాటని మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. క్షమించమని అడిగితే, "జల్లెడ ఆరినాదేమో సూడు" అంది.

ఆరో సంచి మడ్డి ఆవిడ రెండుసార్లు వెతికింది, నేను మూడుసార్లు. దొంగ మనసు కదా, అక్కడ ఒక్కటి కనబడితే నా తప్పు తప్పు కాకుండా పోతుందని ఆశ. మూడోసారి కూర్చోబోతుంటే పళ్ళెం మీద చెయ్యి పెట్టింది. "లేదని రాసుకో టీచరమ్మా. అది గూడా డాక్టర్‌కి పనికొస్తాది."

రాశాను. అంటే నాకు దొరికిన మొదటి పన్ను ఎనిమిదో సంచి నుంచి జల్లెడలో దాక్కుని వచ్చిందే. ఇక ఏడో సంచి మిగిలింది. అందులోనూ లేకపోతే గీత పాత చోటికే పోతుంది, కొత్తగా నేను తేల్చి ఇచ్చింది ఏమీ ఉండదు, బల్ల మీద బోర్లా పడున్న కాగితం అలాగే ఉంటుంది.

రెండో శుక్రవారం, పొద్దు వాలాక అసర్ నమాజుకి పిలుపు వినబడే వేళ. ఏడో సంచి మడ్డిలో ఆఖరి పళ్ళెం. పొద్దుటి నుంచీ ఏమీ లేదు. అక్క మైక్రోస్కోపు ముందు కూర్చుంది, నేను పక్కన రిజిస్టరు పట్టుకుని ఉన్నాను. ఆవిడ కుంచె కదులుతూ కదులుతూ ఆగింది. కుంచె పక్కన పెట్టి, వెనక్కి వాలి, "నా కండ్లు లాగుతాండాయి. టీ పెట్టుకోనొస్తా. నువ్వు కూర్చో" అంది. ఆవిడ కళ్ళు లాగుతున్నాయనడం అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నేను వినలేదు. ఆ రోజు ఆ ఆలోచన కూడా రాలేదు.

కూర్చున్నాను. అంతా మసగ్గా ఉంది, ఆవిడ కంటికి తిప్పి పెట్టింది కదా. చక్రం కొంచెం తిప్పాను. మసక విడిపోయింది. సరిగ్గా నడుమ, పెద్ద కోర ఒకటి, వెనక వరసగా చిన్న పళ్ళు, బెల్లం పాకం రంగు. నీలం చుక్క లేదు. ఈసారి జల్లెడకి మూడుసార్లు మందు పట్టించాం.

నా గుండె చప్పుడుకి గింజలు ఎగురుతాయేమో అని భయమేసింది. కుంచె తడిపి, దాన్ని ఎత్తి, చీటీ మీదికి దింపి, రిజిస్టరులో ఏడో సంచి ఎదురుగా నా పేరు రాసుకుని, అప్పుడు "అక్కా!" అని అరిచాను.

శనివారం డాక్టర్ ఆ పేరు చూశాడు. కాగితాన్ని వెల్లకిలా తిప్పి సంతకం పెట్టాడు. అమ్మాయి పరీక్షలు రాసింది. ఇప్పుడు దాని పిల్లలు పక్కగదిలో పోట్లాడుకుంటున్నారు.

తర్వాత ఎన్నిసార్లో అడిగాను. నువ్వు ముందే చూశావు కదక్కా, అని. ఫోన్‌లో కూడా అడిగాను, పోయిన నెల కూడా. "నేనేం సూడలా. టీ పెట్టుకుంటాంటి" అనేది, అంతే.

కానీ నేను అరిచి తలెత్తినప్పుడు, తలుపుకున్న అద్దంలోంచి ఆవిడ కనిపించింది. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. లోపలికి రాకుండా, కదలకుండా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో మరి. రెండు గ్లాసుల్లోనూ టీ మీద మీగడ కట్టేసింది.